మిగిలినవాడి దుఃఖం: ఉరిశిక్ష చర్చలో చోటు దొరకని ప్రశ్న

1975 డిసెంబర్ 1న హైదరాబాద్‌లోని ముషీరాబాద్ జైలులో భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరితీశారు. ఇద్దరిదీ ఆదిలాబాద్ జిల్లా. ఇద్దరూ నక్సలైటు రైతాంగ పోరాటంలోంచి వచ్చినవాళ్లు, హత్య కేసులో మరణశిక్ష పడ్డవాళ్లు. అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ మొదలై అయిదు నెలలు దాటింది. వాళ్ల పేర్లు ఇప్పటికీ జంటగానే వినిపిస్తాయి. పాటల్లో, గోడరాతల్లో, సంస్మరణ సభల్లో ఒకరి పేరు పలికితే రెండోది దానంతటదే వస్తుంది. అయితే ఆ జంటను మనం ఎప్పుడూ చనిపోయిన ఇద్దరిగానే చూశాం. ఉరికి ముందు గడిచిన కాలంలో వాళ్లలో ప్రతి ఒక్కరూ ఇంకొక పాత్రలో కూడా బతికారు. ఉరికంబం ఎక్కబోయే మనిషికి స్నేహితుడుగా బతికారు. ఆ పాత్ర గురించి చట్టం మాట్లాడలేదు. ఉద్యమం కూడా పెద్దగా మాట్లాడలేదు.

ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నది తెలుగులో ఎంతోకాలంగా నడుస్తున్న వాదన. దాని లోపల ఇంకో చిక్కుముడి ఉంది. మరణశిక్ష పడి ఇంకా బతికున్న ఖైదీకి, పక్క సెల్లులోని మనిషిని ఉరితీసినప్పుడు కలిగే దుఃఖం ఏమిటి? అది శిక్షలో భాగమా, శిక్షకు మించిన బాధా? దానికి లెక్క ఎక్కడ? న్యాయస్థానాలు జాప్యం గురించి, ఏకాంత నిర్బంధం గురించి చెప్పిన మాటలు, మనస్తత్వ శాస్త్రం చెప్పిన మాటలు, అమరుల సంస్మరణ నుంచి వచ్చిన మాటలు, బాధిత కుటుంబాలు అడిగే ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఈ విషయం చిక్కుపడింది. వాటిని విడదీసి చూడటం ఈ సమీక్ష పని.

నిర్మల్ మర్రి నుంచి ముషీరాబాద్ దాకా

ఉత్తర తెలంగాణకు ఉరి జ్ఞాపకం కొత్తది కాదు. 1857 తర్వాతి తిరుగుబాటులో నిర్మల్ ప్రాంతంలో బ్రిటిష్, నిజాం బలగాలతో తలపడ్డ రాంజీ గోండునూ ఆయన అనుచరులనూ 1860లో ఒకే మర్రిచెట్టుకు ఉరితీశారని ఆ జిల్లా చెప్పుకుంటుంది. దాన్ని వెయ్యి ఉరుల మర్రి అంటారు. సంఖ్య ఎంత అన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన విషయం. మన చర్చకు అవసరమైనది ఆ జ్ఞాపకం ఆకారం. అందులో ఎవరూ ఒంటరిగా చనిపోలేదు. తన వంతు రాకముందు ప్రతివాడూ తన వాళ్ల వంతు చూశాడు. అయినా ఆ కథ చెప్పేటప్పుడు మనం చెట్టును చూస్తాం, సంఖ్యను చూస్తాం. వరుసలో నిలబడ్డవాడి కళ్లలోంచి చూడం.

జాతీయోద్యమంలో ఈ ప్రశ్న కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. కాకోరి కేసులో రాజేంద్ర లాహిరిని 1927 డిసెంబర్ 17న ఉరితీశారు. రాంప్రసాద్ బిస్మిల్, అష్ఫాఖుల్లా ఖాన్, రోషన్ సింగ్‌ల ఉరి డిసెంబర్ 19న, వేర్వేరు జైళ్లలో జరిగింది. ఆ మధ్య ఉన్న రెండు రోజులు స్నేహితుడి మరణం తర్వాత ఉరిశిక్ష ఖైదీగా మిగిలిన రోజులు. భగత్ సింగ్ 1930 నవంబర్‌లో ఉరి సెల్లు నుంచి బటుకేశ్వర్ దత్‌కు రాసిన ఉత్తరం ఇదే బంధాన్ని అటువైపు నుంచి చూస్తుంది. దత్‌కు పడింది ఆజన్మ ఖైదు. చావబోయేవాడు బతకబోయేవాడికి ఒక పని అప్పజెప్పాడు: ఆశయాల కోసం చావడమే కాదు, వాటితో బతకడం ఎలాగో చూపించాల్సింది నువ్వని. దత్ 1965లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం అంత్యక్రియలు హుస్సేనీవాలాలో, భగత్ సింగ్, సుఖ్‌దేవ్, రాజ్‌గురుల స్మారకం దగ్గరే జరిగాయి. ముప్ఫై నాలుగేళ్లు మోసిన దుఃఖం అది. దాన్ని ఉద్యమ చరిత్ర నిష్ఠ అంటుంది. నిష్ఠ నిజమే, కానీ దుఃఖం కూడా నిజమే.

తెలంగాణలో తర్వాతి ఘట్టం సాయుధ పోరాటం. 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు పన్నెండు మంది రైతాంగ ఉద్యమకారులకు మరణశిక్ష వేశాయి. వాళ్ల తరఫున వాదించడానికి బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. 1951లో సుప్రీంకోర్టు జనార్దనరెడ్డి కేసులో వాళ్ల పిటిషన్లను కొట్టేసింది. అంతర్జాతీయంగా వచ్చిన నిరసనల తర్వాత ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి. పన్నెండు మందీ బతికారు. కానీ కోర్టు కాదన్న తర్వాత, క్షమాభిక్ష రాకముందు, పన్నెండు మంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గడిపిన కాలం ఒకటుంది. చావు జరగకపోయినా చావుకు సిద్ధపడటం జరిగింది.

భూమయ్య, కిష్టాగౌడ్‌ల కథ అక్కడినుంచే మొదలైనట్టు ఉంటుంది. ముగింపు మాత్రం వేరు. వాళ్ల ప్రాణాలు కాపాడాలని రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు, న్యాయవాదులు పెద్ద ఉద్యమమే నడిపారు. 1975 మేలో తేదీ పడి, ఆఖరి గంటల్లో కోర్టు ఉత్తర్వుతో ఆగింది. మళ్లీ ఎదురుచూపు. ఆ దశలో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు భారత న్యాయచరిత్రలో తరచూ ఉదహరించేది. రాష్ట్రపతి క్షమాభిక్ష అధికారంలో కోర్టు మామూలుగా జోక్యం చేసుకోదు, కానీ ఆ అధికారం దురుద్దేశంతో వాడినట్టు తేటతెల్లమైతే కోర్టు నోరు మూసుకుని కూర్చోదు అన్నది దాని సారం. సూత్రం మిగిలింది, మనుషులు మిగలలేదు. ఆ సూత్రం తర్వాత ఎందరికో ఉపయోగపడింది.

ఒక్క విషయం ఇక్కడ ఆగి చూడాలి. ఉరి వాయిదా పడ్డ రాత్రి ఇద్దరికీ ఏం మిగిలింది? ఉపశమనం అని బయట ఉన్నవాళ్లు అనుకుంటాం. వీడ్కోలు చెప్పుకున్న తర్వాత మళ్లీ కలిసి బతకడం, మళ్లీ వీడ్కోలుకు సిద్ధపడటం ఉపశమనం ఒక్కటే కాదు. ఒకే మరణానికి రెండుసార్లు దుఃఖించడం అది.

ఇరవై ఏళ్ల తర్వాత చిలకలూరిపేట కేసు ఇదే పరిస్థితిని కోస్తాలోకి తీసుకొచ్చింది. 1993 మార్చిలో ఆర్టీసీ బస్సుకు నిప్పంటించిన ఘటనలో 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు మరణశిక్ష పడింది. 1997 మార్చి 29న రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉరికి అంతా సిద్ధమయ్యాక సుప్రీంకోర్టు ఆపింది. మహాశ్వేతాదేవి మొదలు కె.జి. కన్నబిరాన్ దాకా ఎందరో ఆ ఇద్దరి కోసం నిలబడ్డారు. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ హయాంలో శిక్ష యావజ్జీవంగా మారింది. అక్కడా ఇద్దరే. అక్కడా ఒకే జైలు, ఒకే తేదీ. బస్సులో కాలిపోయినవాళ్ల కుటుంబాలు ఆ వాయిదాను ఎలా విన్నాయన్నది ఈ చర్చ పక్కకు తోసేయగలిగిన ప్రశ్న కాదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

చట్టం చూసింది, చూడనిది

1894 నాటి జైళ్ల చట్టం 30వ సెక్షన్ మరణశిక్ష పడ్డ ఖైదీని మిగతా అందరికీ దూరంగా వేరే సెల్లులో పెట్టమంది, రాత్రింబవళ్లు కాపలా పెట్టమంది. దాని లెక్కలో ఉరిశిక్ష ఖైదీకి స్నేహితుడే ఉండకూడదు. 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ గోడను సగం కూల్చింది. అప్పీళ్లు, క్షమాభిక్ష దరఖాస్తులు అన్నీ ముగిసి శిక్ష అమలుకు సిద్ధమయ్యేదాకా ఆ మనిషిని మరణశిక్ష కింద ఉన్నవాడిగా లెక్కించరాదని, అందాకా ఏకాంతంలో పెట్టే అధికారం జైలుకు లేదని చెప్పింది. మంచి తీర్పు. దానివల్లే ఈ ఖైదీలు తోటివాళ్లతో కలిసి తింటున్నారు, పని చేస్తున్నారు, కేరమ్స్ ఆడుతున్నారు, ఒకరి ఉత్తరాలు ఒకరు రాసిపెడుతున్నారు.

కానీ ఆ తీర్పులోంచే మన ప్రశ్న పుట్టింది. స్నేహానికి చట్టం ఒప్పుకునే కాలం ఎక్కడిదాకా? క్షమాభిక్ష తిరస్కరించారన్న కబురు వచ్చేదాకా. ఆ కబురు రాగానే అతన్ని వేరు చేస్తారు. అంటే పదేళ్లు పక్కపక్కన బతకనిచ్చి, దుఃఖం అవసరమయ్యే ఘడియలో విడదీస్తారు. మిగిలినవాడికి కనిపించేది ఖాళీ పక్క మాత్రమే. ఉరితీసిన రోజు బ్యారక్ తలుపులు ఆలస్యంగా తెరుస్తారు, వార్డర్ల ముఖాల్లోంచి విషయం తెలుస్తుంది. కడసారి చూపు ఉండదు. నా ఉద్దేశంలో ఈ మొత్తం చర్చకు కేంద్రం ఇదే, ఎవరూ సరిగ్గా వేలుపెట్టి చూపనిదీ ఇదే.

ఎదురుచూపులోని హింసను మాత్రం కోర్టులు చాలాకాలంగా గుర్తించాయి. అందులో తెలుగునేలకు వాటా ఉంది. 1974లో ఈడిగ అనమ్మ కేసులో, రెండేళ్లకు పైగా ఉరి సెల్లులో ఆమెను వెంటాడిన భయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని కృష్ణయ్యర్ శిక్ష తగ్గించారు. 1983 ఫిబ్రవరిలో వైదీశ్వరన్ కేసులో తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రెండేళ్ల జాప్యం చాలు, ఆపైన ఉరితీయడం రాజ్యాంగ విరుద్ధం అన్నారు. నెల దాటిన కొద్ది రోజులకే షేర్ సింగ్ కేసులో మరో బెంచి ఆ గడువును కాదంది. 1989లో త్రివేణీబెన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం గడువు పెట్టలేమని, కానీ మితిమీరిన జాప్యాన్ని ప్రతి కేసులో చూడొచ్చని తేల్చింది. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ తీర్పులో పదిహేను మంది శిక్షలు తగ్గాయి. జాప్యం, మతిస్థిమితం తప్పడం, ఏకాంత నిర్బంధం శిక్ష తగ్గింపుకు కారణాలుగా నిలబడ్డాయి. తిరస్కరణ తెలిపిన తర్వాత ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలని, కుటుంబంతో ములాఖత్ కల్పించాలని కోర్టు ఆదేశించింది. అంతకు ఏడాది ముందు అఫ్జల్ గురును ఉరితీసిన కబురు స్పీడ్ పోస్టులో ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తీర్పు వెనక ఆ నీడ ఉంది.

ఈ వరుస మొత్తం చదివితే ఒకటి తేలుతుంది. మన న్యాయశాస్త్రం ఉరిశిక్ష ఖైదీ భయాన్ని చూసింది, అతని మనసు చెదరడాన్ని చూసింది, అతని కుటుంబాన్ని ఆలస్యంగానైనా చూసింది. తన చావును తలచుకునే మనిషిగానే అతన్ని చూసింది. ఇంకొకరి చావుకు ఏడ్చే మనిషిగా చూడలేదు.

దానికి అతి దగ్గరగా వచ్చింది హర్‌బన్స్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఒకే హత్యల కేసులో, ఒకే పాత్ర పోషించారని ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ముగ్గురి అప్పీళ్లూ వేర్వేరు బెంచీల ముందుకు వెళ్లాయి. కశ్మీరా సింగ్ శిక్ష యావజ్జీవంగా మారింది. జీతా సింగ్‌ను 1981 అక్టోబర్ 6న ఉరితీశారు. అదే రోజు ఉరి కావాల్సిన హర్‌బన్స్ సింగ్ కోర్టు స్టేతో ఆగాడు. 1982లో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ బెంచి, అతని శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి సిఫారసు చేసింది. జీతా సింగ్‌కు ఈ ఆదేశం ఇక ఉపయోగపడదని, అతని గతి చనిపోయాక మనకు ఒక పాఠం చెబుతోందని కోర్టు బాధపడింది. కోర్టు బాధ నిజాయితీ గలది. అయినా అది సమానత్వం గురించిన బాధ: ఒకే నేరం, మూడు గతులు. తనతో పాటు నడవాల్సినవాడు ఒంటరిగా నడిచి వెళ్లాక హర్‌బన్స్ సింగ్ బతికిన రోజుల గురించి ఆ తీర్పులో ప్రశ్న లేదు. ఉండాల్సింది.

కలిపి తీయాలా, విడివిడిగానా

హర్‌బన్స్ సింగ్ కేసు మిగిల్చిన ప్రశ్న 2020లో దేశం ముందు మళ్లీ నిలబడింది. ఢిల్లీ నిర్భయ కేసులో నలుగురు దోషులు ఒకరి తర్వాత ఒకరుగా దరఖాస్తులు పెట్టుకోవడంతో ఉరి తేదీలు జనవరి 22 నుంచి ఫిబ్రవరి 1కి, అక్కడినుంచి మార్చి 3కి, చివరికి మార్చి 20కి జరిగాయి. దరఖాస్తులు అయిపోయినవాళ్లను ముందే ఉరితీయనివ్వాలని కేంద్రం ఢిల్లీ హైకోర్టును అడిగింది. ఒకే తీర్పుతో శిక్ష పడ్డవాళ్లను విడివిడిగా ఉరితీయడం కుదరదని హైకోర్టు ఫిబ్రవరి 5న చెప్పింది. నలుగురినీ ఒకేసారి ఉరితీశారు.

ఆ రోజుల్లో వాదన అంతా జాప్యపు ఎత్తుగడ అన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. బాధితురాలి తల్లిదండ్రుల కోణంలో ఆ కోపం న్యాయమైనదే. కానీ కలిపి ఉరితీయాలన్న నియమం వెనక రెండు వేర్వేరు ఆలోచనలు ఉన్నాయి, వాటిని కలగలపకూడదు. మొదటిది న్యాయపరమైనది. ఒకరికి తగ్గితే ఇంకొకరికి తగ్గవచ్చు, ప్రాణం పోయాక సరిదిద్దలేం. రెండోది మానవీయమైనదిగా కనిపిస్తుంది. కలిసి పోతే ఎవరూ మిగిలి ఏడవాల్సిన పని లేదు. ఈ రెండో ఆలోచనను నేను అనుమానంతో చూస్తాను. దుఃఖించేవాడినే లేకుండా చేయడం దుఃఖానికి పరిష్కారం కాదు. పైగా ఆ రోజు తీహార్‌లో మరణశిక్ష పడ్డ ఇతర ఖైదీలు ఉన్నారు. కేసు వేరైనంత మాత్రాన బంధం వేరు కాదు.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఈ విషయంలో రాతపూర్వక ఏర్పాటు చేసింది. 472వ సెక్షన్ ప్రకారం క్షమాభిక్ష దరఖాస్తుకు 30 రోజుల గడువు ఉంది. ఒకే కేసులో ఒకరికంటే ఎక్కువ మంది దోషులుంటే అందరూ 60 రోజుల్లో దరఖాస్తు పెట్టుకునేలా జైలు సూపరింటెండెంట్ చూడాలి. వాటిని రాష్ట్రపతి కలిపే తేల్చాలి. హర్‌బన్స్ సింగ్ కేసులో జరిగింది ఇక జరగకుండా ఇది చాలావరకు ఆపుతుంది. అదే సమయంలో, తన తరఫున అడగడం ఇష్టం లేని ఖైదీ పేరును కూడా తోటివాడి దరఖాస్తుతో కలిపి పంపే వీలు కల్పిస్తుంది. క్షమాభిక్ష అడగనని భీష్మించినవాళ్లు మన చరిత్రలో ఉన్నారు. శ్రీకాకుళ ఉద్యమంలోంచి వచ్చిన నాగభూషణ్ పట్నాయక్ మరణశిక్ష పడ్డాక క్షమాభిక్ష అడగడానికి నిరాకరించారు. తర్వాత ఆయన శిక్ష యావజ్జీవంగా మారింది. అడగనన్న స్నేహితుడి పక్కన, అడిగినవాడు ఎలా బతకాలి? ఆ అపరాధ భావానికి కొత్త చట్టం పరోక్షంగా ఒక ఊరట ఇస్తుందేమో. అడగనివాడి ఆత్మగౌరవాన్ని తగ్గిస్తుందన్న అభ్యంతరమూ తోసిపారేసేది కాదు.

దుఃఖాన్ని చదివిన పద్ధతులు

ఉత్తర తెలంగాణలో అన్నిటికంటే బలమైనది అమరత్వ సంప్రదాయం. భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి తర్వాత విప్లవ కవిత్వం, పాట వాళ్లను జోహార్లతో నిలబెట్టాయి. ఈ పద్ధతికి గొప్ప శక్తి ఉంది. రాజ్యం నేరస్తుడని ముద్రవేసి చంపినవాడికి ఊరి ముందు పేరు తిరిగి ఇస్తుంది. తన మరణం వృథా కాదన్న ధైర్యాన్ని వరుసలో ఉన్నవాడికి ఇస్తుంది. రాజ్యం కూడా ఈ శక్తిని గుర్తించింది. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20 కాల్పుల్లో చనిపోయిన గోండుల కోసం కట్టిన స్తూపం దగ్గర ఏళ్ల తరబడి ఆ రోజున నిషేధాజ్ఞలు పెట్టడం అందుకే. ఆ కాల్పుల మృతుల అధికారిక లెక్క 13. చనిపోయినవాళ్లకంటే ఏడ్చేవాళ్లను చూసి భయపడ్డ సందర్భం అది.

అయితే ఈ సంప్రదాయానికి ఒక పరిమితి ఉంది. ఇందులో దుఃఖం వెంటనే ప్రతిజ్ఞగా మారాలి. తడబడటానికి, కుంగిపోవడానికి, నాకు భయంగా ఉంది అనడానికి చోటు తక్కువ. వైపు తప్పుగా చనిపోయినవాళ్లకు చోటే లేదు. కె. బాలగోపాల్, ఆయన సహచరులు 1998లో మానవ హక్కుల వేదిక పెట్టడానికి దారితీసిన చర్చలో ప్రధానాంశం ఉద్యమాల హింస. ఏ వైపు హింసలో పోయినా ప్రాణం ప్రాణమే అన్న ఆ వాదన ఉరిశిక్ష ప్రశ్నకూ వర్తిస్తుంది. ఉద్యమకారుడి ఉరికి ఏడ్చే సమాజం, మామూలు హంతకుడి ఉరికి అతని స్నేహితుడు ఏడిస్తే అర్థం చేసుకోగలదా? ఈ ప్రశ్న అవసరం, ఎందుకంటే ఉరిశిక్ష పడ్డవాళ్లలో ఎక్కువమందికి స్తూపాలు లేవు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలో మరణశిక్ష పడ్డవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఆర్థికంగా అడుగున ఉన్నవాళ్లే.

మనస్తత్వ శాస్త్రం వేరే దారిలో వచ్చింది. రాబర్ట్ జాన్సన్ 1981లో ప్రచురించిన పుస్తకంలో అలబామా ఉరి ఖైదీల జీవితాన్ని నిస్సహాయత, భయం, మనసు మొద్దుబారడం అన్న మూడు కోణాల్లో చూపించాడు. కెనెత్ డోకా 1989లో సమాజం ఒప్పుకోని దుఃఖం గురించి రాశాడు. బంధం చుట్టరికంగా లెక్కకు రానప్పుడు, పోయినవాడు ఏడుపుకు తగనివాడని లోకం అనుకున్నప్పుడు, దుఃఖించేవాడికే ఆ అర్హత లేదనుకున్నప్పుడు దుఃఖం లోపలే కుళ్లుతుందన్నది ఆయన పరిశీలన. ఉరి ఖైదీకి ఈ మూడూ ఒకేసారి వర్తిస్తాయి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయ పరిశోధకులే 2021లో 88 మంది మరణశిక్ష ఖైదీల మీద చేసిన మానసిక ఆరోగ్య అధ్యయనంలో అరవై శాతానికి పైగా మందిలో ఏదో ఒక మానసిక వ్యాధి కనిపించింది. ఈ పద్ధతి బలం అది కొలవగలగడం. బలహీనత కూడా అదే. ఏడుపును రోగ లక్షణంగా రాసుకునే ప్రమాదం దీనికి ఎప్పుడూ ఉంటుంది. స్నేహితుణ్ని ఉరితీస్తే నిద్రపట్టకపోవడం జబ్బు కాదు.

ఖైదీల సొంత సాక్ష్యం మూడోది, నాకు అన్నిటికంటే విలువైనది. చేయని నేరానికి అలబామాలో దాదాపు ముప్ఫై ఏళ్లు ఉరిశిక్ష కింద గడిపి 2015లో విడుదలైన ఆంథొనీ రే హింటన్ అనుభవం ఇందులో ముఖ్యమైనది. అతను జైలులో పెట్టిన పుస్తక చర్చా బృందంలో హెన్రీ హేస్ అనే ఖైదీ ఉండేవాడు. హేస్ కూ క్లక్స్ క్లాన్ మనిషి, ఒక నల్లజాతి యువకుణ్ని చంపిన నేరానికి శిక్ష పడ్డవాడు. హింటన్ నల్లజాతివాడు. ఇద్దరూ స్నేహితులయ్యారు. 1997 జూన్‌లో హేస్‌ను విద్యుత్ కుర్చీలో చంపిన రాత్రి ఖైదీలు కటకటాలు మోగించారు. ఒంటరిగా పోవడం లేదని పోయేవాడికి చెప్పడానికి వాళ్లకు దొరికిన మార్గం అదొక్కటే. చంపబడ్డ యువకుడి పట్ల కోపం, చంపినవాడి పట్ల ప్రేమ ఒకే మనసులో ఉండగలవని ఆ స్నేహం చూపిస్తుంది. మన దగ్గర జైలు జ్ఞాపకాలు చాలానే వచ్చాయి, వరవరరావు ‘సహచరులు’ లాంటి రచనలు వచ్చాయి. అవి ఎక్కువగా రాజకీయ ఖైదీలవి. మామూలు కేసులో ఉరిశిక్ష పడి, పక్కవాణ్ని పోగొట్టుకున్న మనిషి తన మాటల్లో చెప్పింది తెలుగులో ఇంకా రావాలి.

చివరిది బాధిత కుటుంబాల వైపు. 2019 నవంబర్‌లో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరూ తిరిగి చిన్న వస్తువులు అమ్ముకునే ఒక దళిత మహిళపై అత్యాచారం చేసి చంపారు. లోకానికి ఆమె సమత పేరుతో తెలుసు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. వాళ్లు కలిసి నేరం చేసినవాళ్లు. వాళ్లలో ఒకరికోసం ఒకరు పడే బాధ గురించి మాట్లాడటం ఆమె పిల్లల ముందు ఎలా వినిపిస్తుంది? ఈ ప్రశ్న అడిగేవాళ్లు తప్పుగా అడగడం లేదు. దుఃఖం అందరికీ సమానమే అని చప్పున చెప్పేస్తే అది ఆ పిల్లలకు అన్యాయం. నా వాదన వేరు. ఖైదీ దుఃఖాన్ని గుర్తించడం అతని నేరాన్ని తగ్గించి చూపడం కాదు. తోటివాడి చావుకు ఏడవగలిగిన మనిషికే, తాను చంపిన మనిషి చావు అర్థమయ్యే అవకాశం ఉంటుంది. ఆ దారి మూసేస్తే శిక్షకు మిగిలేది చంపడం ఒక్కటే.

ఈ పద్ధతులను పక్కపక్కన పెడితే అమరత్వ సంప్రదాయం దుఃఖానికి పేరు ఇస్తుంది కానీ కొందరికే ఇస్తుంది. మనస్తత్వ శాస్త్రం అందరికీ ఇస్తుంది కానీ రోగంగా ఇస్తుంది. ఖైదీ సాక్ష్యం నిజం చెబుతుంది కానీ కోర్టులో రుజువు కాదు. బాధితుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం మిగతా మూడింటినీ బాధ్యత మరిచిపోనివ్వదు.

దినాలు లేని చావు

మన పల్లెల్లో చావు ఒక్కరోజులో అయిపోయేది కాదు. శోకం పెట్టి ఏడుస్తారు, పాడె మోస్తారు, మూడోనాడు పిట్టకు పెడతారు, దినాలు చేస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కులానికో తీరు ఉన్నా, అన్నిటిలో ఉన్నది ఒకటే. బతికున్నవాళ్లు ఏదో ఒకటి చేయాలి, నలుగురితో కలిసి చేయాలి. ఉరి ఖైదీకి ఇందులో ఏదీ లేదు. శవం అతనికి చూపించరు. పేరు పెట్టి ఏడవడానికి చుట్టూ కూర్చునేవాళ్లు లేరు. అతనికి ఉన్నదల్లా ఆ పూట అన్నం ముట్టకపోవడం. జైలు భాషలో దాన్ని నిరాహారం అని రాసి క్రమశిక్షణ కింద లెక్కగట్టే వీలుంది.

తేలనివి

2000 తర్వాత దేశంలో ఉరితీసినవాళ్లు 8 మంది. మరణశిక్ష కింద ఉన్నవాళ్లు 500కు పైగా. అంటే ఈ దుఃఖం మన దేశంలో ఎక్కువగా జరిగిన ఉరికి కాదు, జరగబోయేదనుకున్న ఉరికి, ఆత్మహత్యకు, జైలులో జబ్బుకు సంబంధించినది. జరగని చావుకు దుఃఖించడం శిక్ష తగ్గింపుకు కారణం కావచ్చా అన్నది ఏ కోర్టూ సూటిగా తేల్చలేదు. కావచ్చంటే దాన్ని ఎలా రుజువు చేయాలి? సహ దోషి ఉరి తర్వాత మిగిలినవాడి మానసిక స్థితిని కొత్త కారణంగా కోర్టు ముందు పెట్టవచ్చా? శత్రుఘ్న చౌహాన్ తీర్పు మతిస్థిమితాన్ని ఒప్పుకుంది కనుక దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ మళ్లీ అది జబ్బు దారే.

ముందే చెప్పాలా వద్దా అన్నది ఇంకోటి. జపాన్‌లో ఉరి సంగతి ఖైదీకి ఆ రోజు ఉదయమే చెబుతారు. మిగతావాళ్లు ప్రతి ఉదయం కాళ్ల చప్పుడు వింటూ బతుకుతారు. మన 14 రోజుల నియమం ఖైదీకీ కుటుంబానికీ వ్యవధి ఇచ్చింది. తోటి ఖైదీకి ఇవ్వలేదు. చెబితే జైలులో అలజడి లేస్తుందన్నది అధికారుల భయం. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు, కానీ పుకార్ల మీద బతికే బ్యారక్ అంతకంటే ప్రశాంతంగా ఉంటుందన్న హామీ కూడా లేదు.

దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో అయిదుగురి మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న ఖరారు చేసింది. ఇలాంటి కేసులు ముందుకు వెళ్లేకొద్దీ జైలు నియమాలు ఈ విషయాన్ని తప్పించుకోలేవు. అడగాల్సినవి పెద్దవేమీ కావు. క్షమాభిక్ష తిరస్కరణ తర్వాత కూడా తోటి ఖైదీతో ఒక ములాఖత్ ఉండాలి. ఉరి సంగతి మిగిలినవాళ్లకు బాధ్యత గల అధికారి నోటితో చెప్పాలి. ఒకపూట అన్నం మానితే దాన్ని శిక్షార్హమైన తప్పుగా రాయకూడదు. పోయినవాడి ఇంటికి ఉత్తరం రాయాలనుకుంటే కాగితం, కలం ఇవ్వాలి, ఆ ఉత్తరం చేరేలా చూడాలి. ఉరిశిక్ష ఉండాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు కూడా ఒప్పుకోగలిగినవి ఇవి. రాష్ట్ర జైళ్ల శాఖ వీటిని ఒక ఉత్తర్వుతో చేయగలదు, చట్టం మార్చాల్సిన అవసరం కూడా లేదు.